రామచిలుక, పెద్దచిలుక



ఈ పూట రెండు చిలుకల గురించి మాట్లాడుకుందాం. రెండూ మన అడవుల్లోవే. రెండూ పచ్చనివే. రెండింటికీ ఎర్ర ముక్కు, పొడుగు తోక, మగదానికి మెడ చుట్టూ నలుపు, గులాబీ కలిసిన పట్టీ. ఒకటి మీ అందరికీ తెలిసిన రామచిలుక. రెండోది పెద్దచిలుక, కొందరు పెద్ద రామచిలుక అంటారు. ఉత్తరాది పిట్టల బజార్లలో దాని పేరు పహాడీ తోతా. ఇంగ్లీషు పుస్తకాల్లో అలెగ్జాండ్రిన్ పారకీట్ అని రాస్తారు. ఆ పేరు వెనక ఒక చక్రవర్తి ఉన్నాడు. ఆయన దగ్గరికి కాసేపాగి వద్దాం.

రేడియోలో బొమ్మ చూపించే వీల్లేదు. అందుకని ముందు చెవి గుర్తులు చెబుతాను. అడవిలో ముందు పనికొచ్చేవి కూడా అవే. నిండుగా ఆకులున్న చెట్టు మీద చిలుక వాలిందంటే, అది నోరు విప్పేదాకా ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. రామచిలుక గొంతు సన్నం, పదును. 'కీక్, కీక్' అంటూ తన రాకపోకలు ఊరందరికీ తెలియజేస్తూ ఎగురుతుంది. పెద్దచిలుక గొంతు బొంగురు. 'క్రీ...యార్' అని గొంతు అడుగు నుంచి లాగి అరుస్తుంది. ఎగిరే తీరులోనూ తేడా ఉంది. చిన్నది రెక్కలు చకచకా కొట్టుకుంటూ దూసుకుపోతుంది. పెద్దది బరువైన పిట్ట కనక రెక్క విసురు నింపాదిగా ఉంటుంది. ఈ రెండు గుర్తులు పట్టుబడితే తల ఎత్తకుండానే ఏది పోతోందో చెప్పొచ్చు.

ఇక కంటి గుర్తులు. రామచిలుక ముక్కు కొస నుంచి తోక చివరిదాకా సుమారు 42 సెంటీమీటర్లు. అందులో సగానికి పైగా తోకే. ఒళ్లు చూస్తే గోరింకంత, బరువు 120 గ్రాముల చుట్టుపక్కల. పెద్దచిలుక 58 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, బరువు దాదాపు రెట్టింపు. అయితే దూరాన కొమ్మ మీద ఒంటరిగా కూర్చున్న పిట్ట పొడవును కంటితో కొలవడం అయ్యే పని కాదు. అప్పుడు భుజం చూడండి. రెక్క మొదట్లో ముదురు ఎరుపు మచ్చ ఉంటే అది పెద్దచిలుక. ఆడదానికీ మగదానికీ, కాస్త వెలసినట్టుగా పిల్లలకీ ఆ మచ్చ ఉంటుంది. రామచిలుకకు అది ఎప్పుడూ ఉండదు. ముక్కు కూడా పట్టిస్తుంది. మన దక్షిణాది రామచిలుకకు పై ముక్కు ఎరుపు, కింది ముక్కు నలుపు. పెద్దదానికి రెండూ ఎరుపే, పైగా చాలా లావు. అండమాన్ దీవుల్లో ఉండే పెద్దచిలుకల ముక్కు మరీ భారీగా ఉంటుంది. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు ఆ పిట్ట తెలిసే ఉంటుంది.

మెడ పట్టీని మాత్రం నమ్ముకోవద్దు. అది రెండు జాతుల్లోనూ మగదానికే వస్తుంది, అదీ మూడో ఏడు దగ్గరపడ్డాకే. అందుకే ఒకే గుంపులో పట్టీ ఉన్నవీ లేనివీ చూసి రెండు జాతులనుకునేవాళ్లు చాలామంది. పట్టీ లేనిది ఆడదో, కుర్రదో అయి ఉంటుంది.

ఆ పచ్చ రంగు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. చిలుక ఈకలో పచ్చ రంగు పదార్థం ఉండదు. ఉన్నది పసుపు. ఆ పసుపును చిలుక తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. మిగతా పక్షుల్లో చాలావాటికి పసుపు, ఎరుపు తిండి నుంచి రావాలి. ఇక నీలం అనేది రంగు కాదు, ఈక లోపలి సన్నని అల్లిక వెలుతురును విరిచే తీరు వల్ల కనిపించేది. ఆ నీలం, ఈ పసుపు కలిసి మన కంటికి చిలకపచ్చ. ఆ నీలం కనిపించాలంటే అల్లిక వెనక నల్లటి రంగు పదార్థం ఉండాలి, ఎప్పుడైనా పుట్టుకలోనే అది లోపించిన పిల్ల పుడితే నిమ్మపండు రంగులో ఉంటుంది.

ఇప్పుడు చక్రవర్తి దగ్గరికి వద్దాం. క్రీస్తు పూర్వం 326 ప్రాంతంలో అలెగ్జాండర్ పంజాబు దాకా వచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఇక్కడి చిలుకలను పశ్చిమానికి పంపాడని ప్రతీతి. ఆ లెక్కన పెద్దచిలుకకు ఆయన పేరు పెట్టారు. ఆయన నౌకాదళాన్ని నడిపిన నియార్కస్ మన చిలుకను గొప్ప వింతగా వర్ణించి రాశాడు. తర్వాత నాలుగైదు వందల ఏళ్లకు అదే సంగతి తిరగరాస్తూ అరియన్ అనే చరిత్రకారుడు, ఈ పిట్టలను నేనే చాలా చూశాను, ఇందులో వింతేముంది అన్నట్టుగా దాటేశాడు. అంటే ఆ మధ్యకాలంలో మన చిలుకలు అక్కడ అంత మామూలు సరుకైపోయాయన్నమాట. రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే మెడలో ఎర్ర పట్టీ ఉన్న పచ్చని భారత పక్షి గురించి రాశాడు. మాటలు నేర్పేటప్పుడు దాని తల మీద ఇనుప కడ్డీతో కొడతారట, తల అంత గట్టిది కనక దెబ్బ తెలియడానికి! చిలుకతో మనిషి చెలిమి ఎంత పాతదో, అందులోని మోటుతనమూ అంతే పాతది.

సరే, ఇంత పోలిక ఉన్న ఈ రెండు పిట్టల బతుకుల్లో ఎంత తేడా వచ్చిందో చూడండి. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం తయారుచేసే జాబితాలో రామచిలుక ఏ బెంగా అక్కర్లేని పక్షి. దాని సంఖ్య పెరుగుతోంది. పెద్దచిలుక ప్రమాదపు అంచుకు దగ్గరగా ఉన్న పక్షి. దాని సంఖ్య తగ్గుతోంది. థాయ్‌లాండ్, లావోస్ వంటి చోట్ల అది బాగా అరుదైపోయింది. పాకిస్థాన్‌లోని సింధు, పంజాబు ప్రాంతాల్లోనూ పలచబడింది. మన దగ్గర తూర్పు కనుమల్లో దాని బొంగురు గొంతు ఇంకా వినిపిస్తోంది. కానీ ఊరు చుట్టూ వినిపించేదంతా రామచిలుకే.

రంగు ఒకటే. తిండీ దాదాపు ఒకటే. పళ్లు, గింజలు, మొగ్గలు, బురుగు పువ్వులో, మోదుగ పువ్వులో, ఇప్ప పువ్వులో తేనె. కాలితో కాయను పట్టుకుని నోటికందించుకునే తీరూ ఒకటే. మరి తేడా ఎక్కడొచ్చింది? నాకు తెలిసినంతలో దీనికి సగం జవాబు చెట్టు తొర్రలో ఉంది.

చిలుకలు పుల్లలు ఏరి గూడు కట్టవు. తొర్రలో, అడుగున పడ్డ చెక్కపొట్టు మీదే గుడ్లు పెడతాయి. రామచిలుకకు తొర్ర విషయంలో పట్టింపులు తక్కువ. కంసాలిపిట్టో, వడ్రంగిపిట్టో వదిలేసిన బొరియ దొరికితే ముక్కుతో కాస్త వెడల్పు చేసుకుని దిగిపోతుంది. అది లేకపోతే తల తెగిన తాటి మోడు. అదీ లేకపోతే కోటగోడలో రాళ్ల సందు, గుడి గోపురంలో బొమ్మల వెనక ఖాళీ, పాత మేడ గోడలో గొట్టం పెట్టడానికి తవ్వి వదిలేసిన కన్నం. పెద్దచిలుక పని అలా కాదు. ఒళ్లు పెద్దది, తోక పొడుగు, గది పెద్దది కావాలి. అందుకు చుట్టుకొలత బాగా ఉన్న ముసలి చెట్టు కావాలి. బురుగు లాంటి మెత్తని కలప దొరికితే ఆ లావు ముక్కుతో తనే చెక్కుకుంటుంది. ఉత్తరాదిన సాల వృక్షాల్లో ఎక్కువగా దిగుతుంది. అద్దె గది ఏదైనా సర్దుకుపోయే మనిషికీ, సొంతిల్లు కుదిరితే తప్ప సంసారం పెట్టనని కూర్చునే మనిషికీ ఎంత తేడా ఉంటుందో, ఈ రెండింటికీ అంత తేడా.

మంచి తొర్ర ఒక్క ఏడాదిలో తయారు కాదు. గాలివానకు ఒక కొమ్మ విరగాలి. విరిగిన చోట నీరు నిలిచి, బూజు పట్టి, లోపలి చేవ నెమ్మదిగా కుళ్లాలి. పైన వడ్రంగిపిట్ట పని మొదలుపెట్టాలి. దీనంతటికీ దశాబ్దాలు పడుతుంది. పెద్దచిలుక పట్టేంత తొర్రకు అంతకన్నా ఎక్కువ. ఇప్పుడు మన చుట్టూ కొత్తగా వచ్చిన పచ్చదనం ఏమిటో చూడండి. నీలగిరి తోటలు, సుబాబుల్, సరుగుడు. నాలుగైదేళ్లకోసారి నరికేవి. దూరం నుంచి అడవిలాగే ఉంటాయి, లోపల ఒక్క తొర్ర ఉండదు. అడవుల్లో కూడా ఎండిపోయిన, పుచ్చిన చెట్లను తీసేయడమే శుభ్రత అనుకునే అలవాటు చాలాకాలం నడిచింది. పుచ్చిన చెట్టే పక్షులకు ఇల్లు అన్న సంగతి అడవి శాస్త్రాలకు ఆలస్యంగా తలకెక్కింది.

ఉన్న నాలుగు తొర్రలకూ పోటీ తక్కువేం కాదు. పాటల్లో చిలకా గోరింకల జంట మనకు ముచ్చట. చెట్టు మీద చూస్తే ఈ రెండూ పక్కా పోటీదారులు. తొర్ర ముందు గోరింక వాలితే చిలుక ముక్కు చాచి తరుముతుంది, చిలుక అటు తిరిగిందో లేదో గోరింక లోపలికి దూరుతుంది. గుడ్లగూబలు, ఉడతలు, గబ్బిలాలు, ఉడుములు కూడా ఆ వరసలోనే ఉంటాయి.

ఇంటి లోపలి సంగతులు కొన్ని చెబుతాను. రామచిలుక జంటలో పెత్తనం ఆడదానిదే. ఏడాదిలో ఎక్కువ కాలం మగది దానికి భయపడుతూనే మసలుతుంది. జతకట్టే కాలంలో పక్కకి పక్కకి జరుగుతూ వచ్చి, నోట్లోంచి తిండి తీసి ఇచ్చి, ఆమె కసిరితే వెనక్కి జరిగి, మళ్లీ వస్తుంది. రెండు జాతుల్లోనూ పొదగడం ఆడదాని పని, తిండి మోసుకురావడం మగదాని పని. రామచిలుక మామూలుగా నాలుగు గుడ్ల దాకా పెడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మూడు వారాలు దాటగానే పిల్లలవుతాయి. పెద్దచిలుక రెండో మూడో పెడుతుంది. పొదగడానికి నాలుగు వారాలు. ఆ తర్వాత పిల్లలు ఎగరడానికి ఏడు వారాలు. అంటే ఒక విడతలో పెద్దదానికి పిల్లలు తక్కువ, శ్రమ ఎక్కువ. ఒక ఏడు పిల్లలు పోతే ఆ లోటు పూడ్చుకోవడం రామచిలుకకు ఉన్నంత తేలిక కాదు.

సరిగ్గా ఆ పిల్లలనే మనుషులు ఎత్తుకుపోతున్నారు. జవాబులో మిగతా సగం ఇదే. పెద్దచిలుకకు బజార్లో గిరాకీ ఎక్కువ. ఒడ్డూ పొడుగూ ఉంటుంది, మాటలు స్పష్టంగా పలుకుతుందని పేరు, పంజరంలో ముప్ఫై ఏళ్ల దాకా బతుకుతుంది. పెరిగిన పిట్టను జిగురు పుల్లలతోనో ఉచ్చులతోనో పట్టినా అది మాటలు నేర్చుకోదు. అందుకని ఈకలు సరిగా రాని పిల్లలే కావాలి. పెద్దచిలుక జంట ఏటా అదే తొర్రకు తిరిగి వస్తుంది. పిట్టలు పట్టేవాడికి ఆ అడ్రసు తెలుసు. పిల్లలు చెయ్యి అందనంత లోతున ఉంటే గొడ్డలితో తొర్ర నోరు పగలగొడతాడు. ఆ ఏటి పిల్లలూ పోతాయి, రాబోయే ఏళ్లకు ఆ ఇల్లూ పోతుంది. రామచిలుక పిల్లలనూ ఇలాగే తీస్తారు. కానీ వాటికి తొర్రలు వంద చోట్ల ఉన్నాయి కనక జాతి నిలదొక్కుకుంది.

మాటల సంగతి వచ్చింది కనక ఒకటి చెప్పాలి. అడవిలో ఏ చిలుకా 'రామ రామ' అనదు. చిలుక పిల్ల తన గుంపు అరుపులు విని నేర్చుకుంటుంది. ఆ అరుపులతోనే గుంపులో ఒకరినొకరు గుర్తుపడతాయి. పంజరంలో పెరిగే పిల్లకు వినిపించే గుంపు మనమే. మనం ఏమంటే అదే దానికి గుంపు భాష. పోయిన అమ్మానాన్నల గొంతుకు బదులు 'ఎవరొచ్చారు, కూర్చోండి' అని నేర్చుకుంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వుతారు. నాకైతే ఆ నవ్వు ఎప్పుడూ పూర్తిగా రాలేదు.

ఇక రామచిలుక దేశాటన. దాని సొంత ఊళ్లే రెండు ఖండాల్లో ఉన్నాయి. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణంగా ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా, ఇటు పాకిస్థాన్ నుంచి మయన్మార్ దాకా. అది చాలదన్నట్టు గడచిన యాభై అరవై ఏళ్లలో ఐరోపా నగరాలను కూడా ఆక్రమించింది. లండన్ పరిసరాల్లో 1970 ప్రాంతం నుంచి పంజరాల బయట గూళ్లు పెడుతోంది. ఇప్పుడు అక్కడ వేల సంఖ్యలో ఉంది. గిటారు వాద్యకారుడు జిమి హెండ్రిక్స్ ఒక జంటను వదిలాడని, ఒక సినిమా చిత్రీకరణ నుంచి తప్పించుకున్నాయని కథలు ప్రచారంలో ఉన్నాయి. 2019లో పరిశోధకులు పాత రికార్డులన్నీ పటం మీద పెట్టి లెక్కలు కట్టారు. ఆ కథలకు ఆధారం దొరకలేదు. ఇళ్ల నుంచి, దుకాణాల నుంచి వేర్వేరు కాలాల్లో తప్పించుకున్నవీ వదిలేసినవీ అలా పెరిగాయంతే. బ్రస్సెల్స్‌లో మాత్రం మూలం తెలుసు. 1974లో ఒక వినోదాల పార్కు యజమాని నగరానికి రంగు తేవాలని నలభై దాకా చిలుకలను కావాలనే వదిలాడు. అవి వేలకు పెరిగాయి.

అంత చలిని మన చిలుక ఎలా తట్టుకుంది? ఐరోపా చిలుకల జన్యువులను పరిశీలిస్తే ఎక్కువ భాగం పాకిస్థాన్, ఉత్తర భారతం నుంచి వచ్చినవని తేలింది. చలికాలం అంటే ఏమిటో ఎరిగిన మూలాలు. లండన్‌లో ఉన్న మన పిల్లలు హైడ్ పార్కులో నడుస్తూ ఆ 'కీక్, కీక్' విని ఊరు గుర్తొచ్చిందని చెబుతుంటారు. గుర్తొచ్చేది నిజమే. కానీ అక్కడి తొర్రల్లో పుట్టాల్సిన వేరే జీవుల లెక్క కూడా చూడాలి. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఒక పాత పార్కులో అరుదైన పెద్ద గబ్బిలాలు చెట్టు తొర్రల్లో ఉండేవి. రామచిలుకలు వాటి మీద పడి, పొడిచి, తొర్రలు లాక్కున్నాయి. పద్నాలుగేళ్లలో గబ్బిలాలున్న చెట్ల సంఖ్య ఐదో వంతుకు పడిపోయిందని అక్కడి శాస్త్రవేత్తలు లెక్కతేల్చారు.

మారిషస్‌లో ఇంకా దగ్గరి చుట్టానికే ముప్పు వచ్చింది. ఆ దీవికి సొంతమైన ఒక పచ్చ చిలుక ఉంది. మన రామచిలుకకు చాలా దగ్గరి బంధువు. అడవులు నరికేయడం వల్ల 1980లలో పది, పన్నెండు పక్షుల దాకా తగ్గిపోయింది. పైగా బయటి నుంచి తెచ్చి వదిలిన రామచిలుకలు మిగిలిన తొర్రలకు పోటీ వచ్చాయి. కార్ల్ జోన్స్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన బృందం ఓపిగ్గా పని చేశారు. తొర్రలకు మరమ్మతులు చేశారు, చెక్కపెట్టెలు కట్టారు, బలహీనంగా ఉన్న పిల్లలను తీసి పెంచి మళ్లీ అడవికి వదిలారు. ఇప్పుడు అవి ఏడు వందలు దాటాయి. ఉగాదికి సెలవిచ్చే దేశం అది. అక్కడి తెలుగువాళ్లు గర్వపడదగిన కథల్లో ఇదొకటి. అదే మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో భుజాన ఎర్ర మచ్చ ఉన్న చిలుక ఒకటి ఉండేది, మన పెద్దచిలుకకు బంధువు. మొక్కజొన్న తింటోందని కాల్చి, కొబ్బరితోటల కోసం అడవి కొట్టి, ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి దాన్ని లేకుండా చేశారు. దానికి కార్ల్ జోన్స్ దొరకలేదు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. పెద్దచిలుక అసలు ఊళ్లలో బతకలేని పిట్టేమో, అందుకే తగ్గుతోందేమో? కాదు. ఢిల్లీలో ముసలి చెట్లున్న తోటల్లో అది హాయిగా ఉంది. బ్రస్సెల్స్‌లో, జర్మనీలోని వీస్‌బాడెన్‌లో పంజరాల నుంచి బయటపడ్డ పెద్దచిలుకలు రామచిలుకల పక్కనే స్థిరపడ్డాయి. అక్కడ తొర్ర దగ్గర తగాదా వస్తే ఓడిపోయేది చిన్నదే. అంటే లావు చెట్టు ఉండి, పిల్లలను ఎత్తుకుపోయేవాడు లేకపోతే పెద్దచిలుకకు నగరం అడ్డు కాదు. తన సొంత దేశంలోనే దానికి ఆ రెండూ కరువయ్యాయి.

రైతు మాట చెప్పకుండా చిలుకను పొగడటం న్యాయం కాదు. జొన్న కంకి పాలు పట్టే వేళ, పొద్దుతిరుగుడు గింజ గట్టిపడే వేళ, జామ దోరగా ఉన్నప్పుడు రామచిలుకల గుంపు వాలిందంటే ఆ నష్టం మామూలుగా ఉండదు. అది తినే దానికన్నా పారేసేది ఎక్కువ. ఒక కాయ కొరుకుతుంది, వదిలేస్తుంది, ఇంకోటి అందుకుంటుంది. అడవిలో ఆ రాలినవాటిని దుప్పులు ఏరుకు తింటాయి. చేలో అయితే అది రైతు ఇంటి కష్టం. చిలక కొట్టిన కాయ తియ్యన అనే మాట తోట యజమాని ముందు అనకండి. పచ్చిమిరప చేను కూడా దానికి లెక్కలేదు. పక్షులకు మిరప మంట తెలియదు.

పూర్వం మంచె మీద కూర్చుని వడిసెల తిప్పేవాళ్లు. ఇప్పుడు ఆ కాపలాకు మనుషులు దొరకడం లేదు. పక్షుల నుంచి పంటలను కాపాడే పద్ధతుల మీద హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. అందులో రెండు తేలికైనవి. గాలికి తళతళలాడుతూ చప్పుడు చేసే మెరుపు రిబ్బన్లను చేను మీదుగా కట్టడం ఒకటి. మొక్కజొన్నలో గట్టు పక్కన ఉన్న మూడు నాలుగు వరసల కంకులను ఆ మొక్క ఆకులతోనే చుట్టి కప్పడం రెండోది. చిలుకలు గట్టు వైపు నుంచే మొదలుపెడతాయి కనక అక్కడ కంకి కనపడకపోతే చాలావరకు ముందుకు పోతాయి. రిబ్బన్లకు చిలుక అలవాటు పడిపోకుండా, వాటిని గింజ పాలు పట్టేటప్పుడే కట్టాలి. ముందే కట్టి నెలలు ఉంచితే వాటి మీదే కూర్చుంటుంది!

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. తెలంగాణ పాలపిట్టను ఉంచుకుంది. తమాషా ఏమిటంటే పాలపిట్ట కూడా చెట్టు తొర్రలోనే గుడ్లు పెడుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల పక్షులకూ ముసలి చెట్టే ఇల్లు. రామచిలుకకు దక్కిన గౌరవం మీద నాకు తగువు లేదు, గుళ్లో అమ్మవారి చేతి నుంచి తాంబూలం పళ్లెంలో చిలకల దాకా మన బతుకులో అల్లుకున్న పిట్ట అది. కానీ గౌరవం అవసరమైంది పెద్దదానికి. ఓటు అడిగి ఉంటే నా ఓటు భుజం మీద ఎర్ర మచ్చ ఉన్నదానికే. రాష్ట్ర పక్షి అన్న బిరుదు వస్తే కనీసం దాని ఫోటో బడి పుస్తకంలోకి వచ్చేది, ఎక్కడెక్కడ ఉందో ఎవరైనా లెక్కపెట్టేవారు.

చట్టం సంగతి చాలామందికి తెలియదు కనక స్పష్టంగా చెబుతాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ రెండు చిలుకలను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పంజరంలో పెట్టుకోవడం అన్నీ నేరాలే. 2022లో ఆ చట్టాన్ని సవరించాక శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మా ఇంట్లో పదేళ్లుగా ఉంది, పిల్లలా పెంచుకుంటున్నాం అన్నది చట్టం ముందు నిలిచే జవాబు కాదు. చిలక జోస్యం చెప్పేవాళ్ల పంజరానికీ ఇదే వర్తిస్తుంది. వాళ్ల బతుకుతెరువు ప్రశ్న వేరు, దానికి దారి ప్రభుత్వం చూపించాలి. ఈకలు కత్తిరించిన పిట్ట చేత చీటీలు తీయించడం ఆ దారి కాదు. దుకాణాల్లో దొరికే ఆస్ట్రేలియా బడ్జీలు ఈ లెక్కలోకి రావు. మన దేశపు చిలుకల సంగతే నేను చెబుతున్నది.

ఇప్పటికే ఇంట్లో చిలుక ఉన్నవాళ్లు ఈ మాటలు విని, పాపం అనిపించి, రేపు పొద్దున పంజరం తలుపు తీసి వదిలేయకండి. రెక్కలు కత్తిరించిన పిట్ట, తిండి వెతుక్కోవడం ఎరగని పిట్ట సాయంత్రానికల్లా కాకికో పిల్లికో దొరుకుతుంది. దగ్గర్లోని అటవీ శాఖ కార్యాలయానికి అప్పగించండి. దాన్ని మళ్లీ ఎగరడానికి సిద్ధం చేయాలా, సంరక్షణ కేంద్రంలో ఉంచాలా అన్నది వాళ్లు చూస్తారు. సంతలో ఎవరైనా బుట్టలో పిల్లలను అమ్ముతుంటే జాలిపడి కొనకండి. మీరు ఇచ్చిన డబ్బుతో వాడు వచ్చే ఏడు ఇంకో తొర్ర పగలగొడతాడు. అటవీ శాఖకు ఫోన్ చేయండి.

పొలం గట్టున తల లేని తాటి మోడు ఉంటే అడ్డం లేనంతవరకు ఉండనివ్వండి. కొట్టక తప్పని తొర్ర చెట్టు ఏదైనా ఉంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా గొడ్డలి పక్కన పెట్టండి. అవి చిలుకలు పిల్లలతో ఉండే నెలలు. మే నెలలో ఒకసారి తొర్ర మీద తట్టి, లోపల ఎవరూ లేరని చూసుకుని, అప్పుడు మీ పని చేసుకోండి.